చప్పుడు లేని హబ్బు

ఓబులేసు చెయ్యి మంచిదని ఊరంతా అనేది. ఓబులేసు కూడా అనుకునేవాడు. ఒక్క దస్తగిరి ఉస్తాదు మాత్రం ఆ మాట అనేవాడు కాదు. వచ్చిన చిక్కంతా అక్కడే.

మదనపల్లెలో సంతకు పోయే దారిలో ఉండేది ఉస్తాదు సైకిలంగడి. మీసాలు రాకముందు అందులో చేరిన ఓబులేసుకు పెళ్ళయింది, ఇప్పుడు పెళ్ళాం నీళ్ళాడే రోజులు దగ్గరపడ్డాయి, అయినా ఆ అంగట్లోనే ఉన్నాడు. ఉస్తాదుకేమో చూపు మందగించింది, చెయ్యి వణుకుతోంది. చక్రం వంకర తియ్యాలన్నా, చువ్వలు బిగించాలన్నా జనం గడపలో నిలబడి "ఓబులేసు ఉన్నాడా" అని అడిగేవాళ్ళు. ఉస్తాదు నవ్వి లోపలికి చెయ్యి చూపించేవాడు.

వాయల్పాడు బస్టాండు ఎదురుగా ఓబులేసు మామ ఒక గది చూసిపెట్టాడు. మంచి చోటు, పల్లెల సైకిళ్ళన్నీ దాని ముందు నుంచే పోవాలి. శుక్రవారం లోపల ఖాయం చెయ్యకపోతే టైలరెవరో దిగుతాడట. మామ రెండుసార్లు మనిషిని పంపించాడు.

పోయి దిగొచ్చు కదా అంటారు. అట్లా కుదరదు. ఆ పనివాళ్ళలో ఒక కట్టుబాటుండేది. పిడికెడు చక్కెర మీద ఫాతెహా చదివి, ఉస్తాదు తన చేత్తో శిష్యుడి నోట్లో వేసి, ఒక పానా చేతికిస్తేనే వాడు సొంతంగా అంగడి తెరవాలి. శిష్యుడు సాయబా, కాపా, కమ్మరా అని ఆ చక్కెర అడగదు. అది తినకుండా తెరిచినవాడి అంగడి నిలవదని నమ్మకం. ఒకవేళ నిలిచినా, చుట్టుపక్కల మేస్త్రీ ఒక్కడు కూడా వాడికి బోల్టు బదులివ్వడు.

ఓబులేసు అడిగిన ప్రతిసారీ ఉస్తాదు "చూద్దాం నాయనా" అనేవాడు. పెళ్ళాం ఇంట్లో దెప్పేది, కళ్ళు పూర్తిగా పోయేదాకా చూస్తాడేమో మీ ఉస్తాదు అని. ఓబులేసు ఆమెను కసురుకునేవాడు గానీ లోపల అదే మాట నానుతూ ఉండేది. నాలో ఏం లోటు కనిపించిందీ ఈయనకు? అది చెప్పడు, పొమ్మని కూడా చెప్పడు.

అట్లాంటి రోజుల్లో దీనమ్మ సిస్టరు సైకిలు నెట్టుకుంటూ వచ్చింది.

దీనమ్మ మిషను ఆసుపత్రిలో నర్సుగా చేసి దిగిపోయిన మనిషి. ఉద్యోగం దిగిపోయింది గానీ పని దిగిపోలేదు. ఊరి బయట మిట్ట మీద రాళ్ళు కొట్టేవాళ్ళ కాలనీ ఉంది. అక్కడ గంగులప్ప అనే ముసలాయనకు చక్కెర జబ్బు, అరికాల్లో పుండు. రోజూ కడిగి కట్టు కట్టకపోతే కాలు తీసెయ్యాల్సి వస్తుందని డాక్టరు చెప్పేశాడు. ఆ కట్టు కట్టేది దీనమ్మే. ఆమెకు ఒక మోకాలు అరిగిపోయింది, నడిచి మిట్ట ఎక్కలేదు. ఎక్కేదల్లా ఆ సైకిలు మీదే.

అది మామూలు సైకిలు కాదు. ఎప్పుడో తెల్లదొరల కాలంలో సీమ నుంచి దిగింది. ఆసుపత్రిలో పని చేసిన డాక్టరమ్మ ఒకామె దేశం వదిలి పోతూ దీనమ్మకిచ్చింది. దానికి మూడు గేర్లు, మూడూ వెనక చక్రం నడిమధ్య ఉండే హబ్బు లోపలే దాగి ఉంటాయి. బయట నుంచి చూస్తే లావుపాటి డబ్బాలా ఉంటుంది, అంతే. హ్యాండిలు మీద పిడి నొక్కితే సన్నటి గొలుసు ఒకటి లోపలికీ బయటికీ కదులుతుంది. తక్కువ గేరు వేస్తే ఎంత మిట్టయినా ముసలమ్మ కూడా ఎక్కగలదు. జిల్లా మొత్తం మీద అట్లాంటి హబ్బు ఇంకొకటి ఉందో లేదో.

పిడి బిగుసుకుపోయింది, పెడలు బరువుగా తొక్కాల్సి వస్తోంది అని ఆమె బాధ. ఉస్తాదు సైకిలుకేసి తిరగలేదు. ఓబులేసు వైపు తిరిగాడు.

"ఇది నువ్వు చెయ్యి. నేను ముట్టను."

ఓబులేసు గుండె ఎగిరి గంతేసింది. ఇన్నాళ్ళకు పరీక్ష పెట్టాడు ముసలాయన! దీనమ్మ ఇంకేదో చెప్పబోయింది, ఈ బండి తొక్కేటప్పుడు ఎట్లా ఉంటుందంటే నాయనా అని మొదలుపెట్టింది. ఓబులేసుకు అంత వినే ఓపిక ఎక్కడిది? పోయి రమ్మన్నాడు. సైకిలు సంగతి సైకిలే చెబుతుంది, ఎల్లుండి పొద్దున్నే వచ్చి తీసుకుపొమ్మన్నాడు. ఆమె మాట మింగేసి, ఆ రెండు రోజులకూ రాళ్ళ లారీవాళ్ళను బతిమాలుకుందామని వెళ్ళిపోయింది.

చెప్పొద్దూ, వాడు చేసిన పని చూసి తీరాల్సిందే. పాత పంచె పరిచి, విప్పిన ముక్క విప్పినట్టు వరుసగా పేర్చాడు. మధ్యలో ఒక పళ్ళ చక్రం, దాని చుట్టూ తిరిగే బుల్లి చక్రాలు. వాటి అంచున గోరంత ఇనుప ముక్కలు, ఒక్కో ముక్క కింద వెంట్రుకంత స్ప్రింగు. ఆ ముక్కలను ఉస్తాదు నాలుకలనేవాడు. స్ప్రింగు తోస్తే నాలుక లేచి హబ్బు పంటికి తగులుకుంటుంది, అప్పుడే తొక్కిన బలం చక్రానికి అందుతుంది. ఏళ్ళ తరబడి ఎండిన నూనె లోపలంతా జిగురైపోయి ఉంది. ఓబులేసు ఒక్కొక్కటీ కిరోసినుతో కడిగి, గుడ్డతో తుడిచి, ఎక్కడి ముక్క అక్కడ కూర్చాడు. ఒక్క స్ప్రింగు పోగొట్టుకోలేదు. అట్లాంటి హబ్బు వాడు విప్పటం అదే మొదటిసారి!

అంతా బిగించి చక్రం తిప్పాడు. టిక్కుటిక్కుమంది.

ఓబులేసు మొహం చిన్నబోయింది. మళ్ళీ తిప్పాడు. మళ్ళీ అదే టిక్కుటిక్కు.

ఆ బజారులో హబ్బుకు మర్యాదంటే ఒక్కటే, నిశ్శబ్దం. బేరింగు కప్పులు తుడిచి, బాల్సు వేసి, నిండా గ్రీసు కూరి బిగిస్తే చక్రం ఊపిరి కూడా వినపడకుండా తిరగాలి. చప్పుడొచ్చిందంటే లోపల ఏదో అరిగిందనో, సరిగా కూర్చలేదనో లెక్క. ఓబులేసుకు పేరొచ్చింది కూడా దానికే. వాడు బిగించిన చక్రం పక్కన కూర్చుంటే తిరుగుతోందో లేదో కళ్ళతో చూసి తెలుసుకోవాలి. అట్లాంటివాడి చేతి కింద నుంచి టిక్కుమనే బండి బయటికి పోతుందా? పోదు.

మళ్ళీ విప్పాడు. ఈసారి నూనెతో సరిపెట్టలేదు. డబ్బాలో వేళ్ళు ముంచి ప్రతి సందులో గ్రీసు మెత్తాడు, నాలుకల కింద, స్ప్రింగుల చుట్టూ, పళ్ళ మధ్య. బిగించి తిప్పాడు. చీమ చిటుక్కుమన్న చప్పుడు కూడా లేదు.

ఉస్తాదు అటువైపు ట్యూబుకు అతుకు వేసుకుంటూ తల ఎత్తకుండానే అడిగాడు, చప్పుడు పోయిందా అని. పోయింది ఉస్తాద్ అన్నాడు ఓబులేసు, గొంతులో గర్వం దాచుకోకుండా. ఉస్తాదు ఊ అని ఊరుకున్నాడు.

మర్నాడు మిట్టమధ్యాహ్నం ఎండలో ఓబులేసు దాన్ని బజారంతా తొక్కి వచ్చాడు. మూడు గేర్లూ వెన్నలా పడ్డాయి. ఇక చక్కెర తినటమే తరువాయి అనుకున్నాడు. ఆ రాత్రి పెళ్ళాంతో కూడా అన్నాడు, మీ నాయనకు కబురు పెట్టు, గది వదులుకోవద్దని చెప్పు అని. ఇల్లలకగానే పండగ అయిపోతుందా?

అది పుష్యమాసం. మదనపల్లెలో ఆ నెల తెల్లవారుజామున సీసాల్లో కొబ్బరినూనె గడ్డకట్టేంత చలి. దీనమ్మ శాలువా కప్పుకుని, మందుల సంచి పట్టుకుని, అంగడి తలుపు తెరిచే వేళకే వచ్చింది. ఓబులేసు సైకిలు బయట పెట్టి, గుడ్డతో సీటు తుడిచి, ఎక్కండి సిస్టరమ్మా అన్నాడు.

ఆమె సంచి క్యారియరుకు కట్టింది. ఈలోపల ఉస్తాదు లేచి వచ్చి హ్యాండిలు పట్టుకున్నాడు. మిట్ట పైదాకా తాను తొక్కుతానన్నాడు. దిగి వచ్చి బండి అప్పగిస్తాను, మిట్ట మొదలు దాకా ఓబులేసు వెంట నడిచి రమ్మని ఆమెకు చెప్పాడు.

"మీకెందుకు ఉస్తాద్ ఈ చలిలో? నేను తొక్కే చూశాను."

"ఎప్పుడు చూశావు?"

"నిన్న మధ్యాహ్నం. బజార్లో."

ఉస్తాదు లుంగీ ఎగగట్టి, మఫ్లరు చెవులకు చుట్టుకుని, ఆ ఆడవాళ్ళ సైకిలు ఎక్కి తొక్కుకుంటూ పోయాడు. టీ అంగడి దగ్గర జనం చూసి నవ్వారు. ఓబులేసుకు ఒళ్ళు మండిపోయింది. ఊరందరి ముందూ నా పని మీద నమ్మకం లేదని చెప్పినట్టే కదా ఇది? ఇన్నేళ్ళు చేసిన చాకిరీకి ఇదా మర్యాద? దీనమ్మ పక్కన పళ్ళు కొరుక్కుంటూ నడిచాడు.

ఊరు దాటాక రోడ్డు పైకి తిరుగుతుంది. వాళ్ళిద్దరూ అక్కడికి చేరేసరికి ఉస్తాదు వీళ్ళ కోసమే అన్నట్టు ఒక కాలు నేల మీద పెట్టి నిలబడి ఉన్నాడు. వీళ్ళను చూసి పిడి నొక్కి తక్కువ గేరు వేశాడు. సీటు మీంచి కొంచెం లేచి, ఒంటి బరువంతా పెడలు మీద మోపాడు.

పెడలు శూన్యంలోకి పోయినట్టు గిర్రున తిరిగింది. చక్రం కదలనే లేదు. ఉస్తాదు కాలు జారి, పెడలు పళ్ళు పిక్క ముందు ఎముకను గీరేశాయి. సైకిలు వెనక్కి జారబోతే హ్యాండిలు వదలకుండా ఎట్లాగో నిలదొక్కుకున్నాడు. లుంగీ మీద నెత్తురు మరక పడింది.

ఓబులేసు పరుగెత్తాడు. సైకిలు వెనక పట్టుకున్నాడు. ఆ సీటు మీద ఉండాల్సింది దీనమ్మ. అరిగిన మోకాలుతో, మందుల సంచితో, వెనక లారీలు వచ్చే మిట్ట మీద. అది తలుచుకునేసరికి చలిలో కూడా చెమట పట్టింది వాడికి.

ఉస్తాదు తిట్టలేదు. సంచి విప్పి ఓబులేసు చేతికిచ్చాడు. వెనక్కి పోయి కట్టు కట్టించుకుందామంటే వినలేదు. "పైన మనిషి ఎదురు చూస్తా ఉంటాడు, పదండి" అని సైకిలు నెట్టుకుంటూ ముందు నడిచాడు.

ముగ్గురూ నడిచే మిట్ట ఎక్కారు. దీనమ్మ కాసేపు నడిచి, మోకాలు పట్టుకుని ఆగి, మళ్ళీ నడిచేది. ఒక్క మాట అనలేదామె. అని ఉంటే ఓబులేసుకు కాస్త సులువయ్యేది. తల కొట్టేసినట్టయి ఆమె మొహం చూడలేకపోయాడు. అయినా మనిషి మనసు చూడండి, లోపల ఇంకా వాదిస్తూనే ఉంది. ముసలి బండి, పళ్ళు అరిగిపోయి ఉంటాయి, సీమ సామాను ఇప్పుడెక్కడ దొరుకుతుంది, నేనేం చేసేది? నా పనిలో తప్పు లేదు. గొంతు కూడా ఎత్తలేదే ఆ హబ్బు!

గంగులప్ప గుడిసె ముందు నులక మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఎండెక్కినా రాలేదేంది సిస్టరమ్మా అని బెంగగా అడిగాడు. దీనమ్మ ఆయాసం తీర్చుకోకుండానే నీళ్ళు కాచమంది. పాత కట్టు విప్పింది. ఓబులేసు గిన్నె పట్టుకుని నిలబడ్డాడు, ఉస్తాదు గుడిసె గోడకు ఆనుకుని కాలు చాపుకున్నాడు.

పుండు కడిగి, దాని చుట్టూ వేలితో నొక్కుతూ వచ్చింది దీనమ్మ. ఒక చోట నొక్కగానే గంగులప్ప "అబ్బా!" అని కాలు లాక్కున్నాడు.

ఆమె చెయ్యి ఆగిపోయింది. మళ్ళీ అక్కడే మెల్లగా నొక్కింది. మళ్ళీ అరిచాడు. ఆ ముసలామె మొహం వెలిగిపోయింది.

"నొప్పి తెలుస్తోందా? దేవునికి స్తోత్రం!"

గంగులప్పకు కోపం వచ్చింది, నేను చస్తా ఉంటే నీకు పండగలా ఉందా అన్నాడు. ఓబులేసుకు కూడా అర్థం కాలేదు. నొప్పి పుడితే మంచిదెట్లా అవుతుందని అడిగాడు.

దీనమ్మ దూది తీసుకుంటూ మామూలుగా చెప్పింది. "మొన్నటిదాకా సూది గుచ్చినా కిక్కురుమనేవాడు కాదు నాయనా. నాకు నిద్ర పట్టేది కాదు. ఊరుకున్న పుండంటేనే నాకు భయం."

ఓబులేసు చేతిలో గిన్నె అట్లాగే ఉండిపోయింది. గుడిసె బయట గోడకు చేరవేసిన సైకిలు వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. ఉస్తాదు కళ్ళు మూసుకుని ఎండ కాచుకుంటున్నాడు.

దీనమ్మ ఉస్తాదు కాలికి కూడా మందు రాసి కట్టు కట్టింది. ఓబులేసు వంగి, నొప్పిగా ఉందా ఉస్తాద్ అని మెల్లగా అడిగాడు.

"ఉంది, అల్‌హందులిల్లా" అన్నాడు ఉస్తాదు. దీనమ్మ ఫక్కున నవ్వింది. ఓబులేసుకు నవ్వు రాలేదు, ఏడుపొచ్చింది.

అంగడికి వచ్చీ రాగానే హబ్బు విప్పాడు. గ్రీసు పేరుకున్న నెయ్యిలా గట్టిపడి ఉంది. తక్కువ గేరు నాలుకలన్నీ తమ గూళ్ళలో అణిగి పడుకుని ఉన్నాయి. వెంట్రుకంత స్ప్రింగులు, పాపం, వాటిని లేపాలని ఎంత తోస్తే మాత్రం ఏం లాభం? మధ్యాహ్నపు ఎండకు గ్రీసు మెత్తబడింది కాబట్టి నిన్న లేచాయి. వాడు ఆ ముక్కలను కిరోసినులో ఒక్కొక్కటిగా కడిగాడు, గ్రీసు వాసన కూడా మిగలకుండా కడిగాడు. ఒక్కో నాలుకను వేలితో నొక్కి వదిలి, లేస్తోందా లేదా అని చూశాడు. కుట్టుమిషను నూనె చుక్కలు చుక్కలుగా వేసి బిగించాడు.

చక్రం తిప్పితే టిక్కుటిక్కుమంది, నాలుకలు లేచి పళ్ళను తాకుతున్న చప్పుడది. వాడు చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు.

సాయంత్రం దీనమ్మ ఇంటికి తానే పోయి, ఆ రోజు మీరేదో చెప్పబోయారు, నేను విననే లేదు సిస్టరమ్మా అన్నాడు. ఏముంది నాయనా, అది ఎప్పుడూ టిక్కుటిక్కుమంటా ఉంటుంది, కంగారుపడొద్దని చెప్పబోయాను అందామె. తిట్టలేదు, కాఫీ ఇచ్చింది.

మర్నాడు చీకటి విడవకముందే, చలి కొరుకుతున్న వేళ, ఓబులేసు దీనమ్మ మందుల సంచి అడిగి తెచ్చి, క్యారియరుకు కట్టుకుని తానే సైకిలును మిట్ట ఎక్కించాడు. సాపు నేల మీద టిక్కుమంటూ వచ్చిన హబ్బు, తక్కువ గేరు వేసి బరువు మోపగానే దానంతటదే ఊరుకుంది. చక్రం గట్టిగా పట్టుకుని మెల్లగా పైకి లాక్కుపోయింది. పైదాకా పోయి, దిగి వచ్చి, అప్పుడు దీనమ్మకు అప్పగించాడు.

శుక్రవారం వచ్చింది. ఓబులేసు వాయల్పాడు మాట ఎత్తలేదు. మామ పంపిన మనిషి వస్తే కాసేపు కూర్చోమన్నాడు, మళ్ళీ పనిలో పడ్డాడు. పెళ్ళాం మొహం గుర్తొస్తూనే ఉంది. గది పోతే ఇప్పట్లో ఇంకొకటి దొరకదు, ఆ సంగతి వాడికి తెలుసు. 

ఉస్తాదు కుంటుకుంటూ మసీదు నుంచి వచ్చి బల్ల మీద కూర్చున్నాడు. ఈరోజు అడగవేం అన్నాడు.

ఓబులేసు చేతిలో పని కింద పెట్టాడు. "నేను గ్రీసు మెత్తేటప్పుడే మీకు తెలుసు కదా ఉస్తాద్. ఒక్క మాట చెప్పుంటే మీ కాలు పగిలేది కాదు."

"చెప్పుంటే ఆ హబ్బొక్కటే బాగయ్యేది" అన్నాడు ఉస్తాదు.

ఓబులేసు తల వంచుకున్నాడు. వెళ్ళాలనే ఉంది గానీ ఇప్పుడు భయంగా ఉందని చెప్పాడు. "నాకు రాని పని ఇంకా ఎంత ఉందో ఉస్తాద్. రేపు ఎవరి ప్రాణం మీదికి తెస్తానో. ఇట్లాంటివాణ్ణి నన్ను ఎట్లా పొమ్మంటారు?"

ఉస్తాదు జేబులో నుంచి కాగితం పొట్లం తీశాడు. దోసిలి పట్టి, కళ్ళు మూసుకుని, పెదవులు కదుపుతూ చక్కెర మీద ఫాతెహా చదివాడు. వణుకుతున్న చేత్తో చిటికెడు తీసి ఓబులేసు నోట్లో వేశాడు. తన పానా తీసి వాడి చేతిలో పెట్టాడు.

"నాకూ రానిది చానా ఉందిరా నాయనా. రోజూ అంగడి తెరవటంలా?"